‘మీరేమిట్లండీ?’ నుంచి ‘ర్యాంకెంత?’ దాకా

కాలేజీల్లో వివక్ష ఆపడానికి యూజీసీ తెచ్చిన సమానత్వ నిబంధనలపై 2026 జనవరి 29న సుప్రీంకోర్టు స్టే ఇచ్చాక కులం గొడవ మళ్లీ కాలేజీల్లోకొచ్చింది. రోహిత్ వేముల సంగతి తెలియనివాళ్లు లేరు. 2022 మేలో జిల్లా పేరు కోసం అమలాపురంలో ఇళ్లు తగలబెట్టడం మన కళ్లముందు జరిగిందే. వాటి జోలికి వెళ్లను.

నా లెక్కలో అసలు మలుపు 2007. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్షపై సుఖదేవ్ థోరట్ కమిటీ నివేదిక ఇచ్చిన ఏడాది. కొట్టడం, తిట్టడం కాకుండా, పైకి ఏమీ అనకుండానే మనిషిని పక్కకు నెట్టే తీరును ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కించింది అదే. పరీక్షలప్పుడు ఎగ్జామినర్లు నేరుగానో, డొంకతిరుగుడుగానో తమ కులం అడిగారని కమిటీతో మాట్లాడిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో 84 శాతం మంది చెప్పారు.

డొంకతిరుగుడు మన గోదావరి జిల్లాలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ‘మీరేమిట్లండీ?’ అంటాం. ‘అండీ’ ఉంది కాబట్టి మర్యాదే! తేలకపోతే ‘ఊళ్లోనా, పేటలోనా?’ అంటాం. యూనివర్సిటీకి వెళ్లాక అదే ప్రశ్న ‘ర్యాంకెంత?’ అవుతుంది. కాకినాడలో మా మొదటి రోజు సార్ అందర్నీ వరసగా ర్యాంకులడిగారు. నా పక్కనున్న కోనసీమ కుర్రాడు చెప్పగానే ‘ఓహో’ అని తర్వాతి బెంచీకి వెళ్లిపోయారు. అంతే. మర్నాటి నుంచి వాడు ఆఖరి బెంచీ. శనివారం క్లాసులవగానే ఎదుర్లంక వంతెన మీదుగా ఇంటికెళ్లే బస్సు.

2012లో యూజీసీ మొదట సమానత్వ నిబంధనలు తెచ్చింది. అవి సరిగా అమలు కావడం లేదని 2019లో రోహిత్ తల్లి రాధికా వేముల, ముంబైలో ప్రాణం తీసుకున్న డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబెదా తడ్వీ సుప్రీంకోర్టుకెళ్లారు. ఆ కేసు నడుస్తుండగానే 2026 జనవరి 13న కొత్తవి వచ్చాయి. పైకి కనిపించని వివక్షనూ లెక్కలోకి తీసుకున్నాయి, ఓబీసీలను చేర్చాయి, తప్పుడు ఫిర్యాదుకు శిక్షన్న ముసాయిదా మాటను తీసేశాయి. కుల వివక్ష నిర్వచనంలో తమకు చోటు లేదనీ, దుర్వినియోగమవుతుందనీ జనరల్ కేటగిరీ వాళ్ల అభ్యంతరం. భాష అస్పష్టంగా ఉందని కోర్టూ అంది.

కాబట్టి ప్రస్తుతానికి 2012 నిబంధనలే. వాటి ప్రకారం యూనివర్సిటీలో ఫిర్యాదు వినే అధికారి ప్రొఫెసర్ హోదాకు తగ్గకూడదు. మా క్లాసులో ‘ఓహో’ అన్నాయనా ప్రొఫెసరే.