ఓడిన సైనికుల సినిమాలు: ఒక సౌండ్ ఎడిటర్ చెప్పే అపోహలు, వాస్తవాలు

సినిమాలకు సౌండ్ ఎడిటింగ్ చేయడం నా వృత్తి. అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం, తుపాకీ పేలడం, మనిషి ఊపిరి, ఖాళీ గదిలో ఉండే సన్నటి హోరు... ఇవన్నీ ఒక్కో ట్రాక్ మీద పేర్చి మిక్సింగ్‌కి పంపిస్తాను. యుద్ధ సినిమాల్లో నాకు బాగా ఇష్టమైనవి ఓడిన దేశపు మామూలు సైనికుల కథలు. ఆ యుద్ధం ఎలా ముగిసిందో చూసేవాళ్లకి ముందే తెలుసు. అందుకే ఎవరు గెలుస్తారా అనే టెన్షన్ ఉండదు, ఈ కుర్రాడు రేపటిదాకా బతుకుతాడా అనే బెంగే ఉంటుంది. ఆ బెంగను చివరిదాకా పట్టి ఉంచడంలో సగం పని చెవులది. ఈ సినిమాల గురించి మా రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లల దగ్గరా, బాగా సినిమాలు చూసినవాళ్ల దగ్గరా కొన్ని అభిప్రాయాలు పదేపదే వింటుంటాను. వాటి గురించే ఇది.

అపోహ: శత్రు సైనికుడి వైపు నుంచి కథ చెబితే అతని ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చినట్టే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయిన జర్మన్ కుర్రాళ్ల మీద హాలీవుడ్ వాళ్లు 1930లో తీసిన 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' సంగతే చూడండి. ఎరిక్ మరియా రిమార్క్ నవల ఆధారంగా లూయిస్ మైల్‌స్టోన్ తీశాడు. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు ఆస్కార్లు రెండూ వచ్చాయి. అదే ఏడాది డిసెంబర్‌లో బెర్లిన్‌లో వేస్తే, నాజీ నాయకుడు గోబెల్స్ మనుషులు థియేటర్లో తెల్ల ఎలుకలు వదిలారు, కంపు కొట్టే బాంబులు వేసి జనాన్ని చెదరగొట్టారు. వారం తిరక్కుండానే సెన్సార్ వాళ్లు సినిమాను నిషేధించారు. 1933లో నాజీలు నవలను తగలబెట్టారు, 1938లో రచయిత పౌరసత్వం తీసేశారు. ఆ ప్రభుత్వాన్ని మెచ్చుకునే సినిమా అయితే ఇదంతా ఎందుకు జరుగుతుంది? తమ సైనికుడు భయపడటం, ఆకలికి అలమటించడం, ఎందుకు పోరాడుతున్నామని అడగటం యుద్ధం కోరుకునేవాళ్లకి అస్సలు మింగుడుపడదు.

ఈ అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయను కూడా. సైనికుణ్ణి బాధితుడిగా మాత్రమే చూపించి, అతని చేతుల్లో చచ్చినవాళ్లను కనబడకుండా చేసే సినిమాలు ఉన్నాయి. అందుకే ఓడినవాళ్ల సినిమా ఏది చూసినా నేను మొదట అడిగే ప్రశ్న ఇది: ఇతను చంపినవాళ్లు ఈ కథలో ఎక్కడైనా ఉన్నారా?

మైల్‌స్టోన్ సినిమాలో ఉన్నారు. గుండు పడి ఏర్పడిన గోతిలో కథానాయకుడు పాల్ బోయ్‌మర్ దాక్కుని ఉండగా ఒక ఫ్రెంచ్ సైనికుడు వచ్చి మీద పడతాడు. పాల్ అతన్ని పొడుస్తాడు. బయటికి వెళ్లే దారి లేదు, రాత్రంతా ఆ మనిషి పక్కనే కూర్చోవాలి. నీళ్లు పడతాడు, క్షమించమంటాడు, చనిపోయాక జేబులోంచి భార్యాబిడ్డల ఫొటో తీసి చూస్తాడు. ఆ ఫ్రెంచ్ సైనికుడికి ఒక్క డైలాగ్ లేదు. ఆ పాత్ర వేసిన రేమండ్ గ్రిఫిత్ మూకీల కాలంలో పేరున్న హాస్యనటుడు. చిన్నప్పుడే గొంతు దెబ్బతిని, బొంగురు గుసగుస తప్ప మాట పెగలని మనిషి. టాకీలు రాగానే నటుడిగా అతని పని అయిపోయింది, ఇదే ఆఖరి వేషం. మాట్లాడేది చంపినవాడే, చచ్చిపోయేవాడు చూస్తూ ఉంటాడు, అంతే. మాట్లాడలేని నటుడికి మాట్లాడని పాత్ర ఇచ్చిన ఆ ఎంపికను నేను చాలా గౌరవిస్తాను.

అపోహ: యుద్ధం అంటే మోత. సౌండ్ ఎంత పెద్దగా ఉంటే అంత సహజం.

మా దగ్గర ఎక్కువగా వినిపించేది ఇదే. "ఇంకొంచెం పెంచండి, సీట్లు అదరాలి" అంటారు. మోత కాసేపే పనిచేస్తుంది. నాలుగైదు నిమిషాలు ఏకధాటిగా వాయిస్తే చెవి అలవాటు పడిపోతుంది, ఆ తర్వాత ఎంత పెంచినా భయం పెరగదు.

కందకంలో ఉన్న మనిషికి శబ్దం ఒక సమాచారం. 1930 సినిమాలోనే దీనికి చక్కటి దృశ్యం ఉంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ప్రతి పేలుడికీ వణికిపోతుంటే, అనుభవమున్న కట్చిన్‌స్కీ వాళ్లకి పాఠం చెబుతాడు. పెద్దగా అరుచుకుంటూ వెళ్లే గుండ్లకి భయపడొద్దు, అవి వెనకెక్కడో మైళ్ల దూరంలో పడతాయి, చిన్నవాటితోనే జాగ్రత్త, అవి ముందుగా చెప్పి రావు అంటాడు. నేను నేల మీద పడితే మీరూ పడండి అంటాడు. అంటే పెద్ద శబ్దం ఊరట, చిన్న శబ్దం చావు. యుద్ధ సినిమాకి పనిచేసే ఏ సౌండ్ ఎడిటర్‌కైనా ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

జర్మన్ జలాంతర్గామి మీద వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ 1981లో తీసిన 'దాస్ బోట్' ఆ పాఠాన్ని చివరికంటా తీసుకెళ్లింది. కథాకాలం 1941. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల్లో పనిచేసిన 40 వేల మంది జర్మన్లలో 30 వేల మంది తిరిగి రాలేదని సినిమా మొదట్లోనే రాసి చూపిస్తారు. నీటి అడుగున ఉన్నవాళ్లకి శత్రువు కనిపించడు, వినిపిస్తాడంతే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న హిన్రిచ్ అనే కుర్రాడు పైన తిరుగుతున్న ఓడ ప్రొపెల్లర్ చప్పుడు విని, అది ఎటువైపుందో గుసగుసగా చెబుతుంటాడు. మిగతావాళ్లంతా కళ్లు పైకెత్తి, ఊపిరి బిగబట్టి వింటుంటారు. ఓడ నుంచి పంపే శబ్ద తరంగం పడవ గోడకు తగిలి టింగ్, టింగ్ మంటుంది. ఆ చప్పుళ్ల మధ్య వ్యవధి తగ్గేకొద్దీ చూసేవాళ్ల గుండె వేగం పెరుగుతుంది. జిబ్రాల్టర్ దగ్గర పడవ అదుపు తప్పి 280 మీటర్ల లోతుకు దిగిపోయేటప్పుడు, నీటి ఒత్తిడికి ఇనుము మూలుగుతుంది, బోల్టులు ఊడి తూటాల్లా ఎగురుతాయి. హెడ్‌ఫోన్స్‌తో బతికే మా లాంటివాళ్లకి ఆ హిన్రిచ్ సొంత మనిషిలా అనిపిస్తాడు.

ఆ సినిమాలో చంపబడినవాళ్లు ఉన్నారా అంటే, ఉన్నారు. టార్పెడో కొట్టిన ట్యాంకర్ ఓడ తగలబడుతుంటే, దాని మీద ఇంకా మనుషులున్నారని వీళ్లు చూస్తారు. మంటల్లోంచి నీళ్లలోకి దూకి వాళ్లు ఈ పడవ వైపే ఈదుకొస్తుంటే, కెప్టెన్ పడవని వెనక్కి పోనివ్వమంటాడు. అప్పటిదాకా అరుపులూ జోకులతో ఉన్న ఆ సిబ్బంది ముఖాలు ఎలా మారతాయో చూడండి.

అపోహ: నిజమైన తుపాకీని రికార్డ్ చేసి పెడితే అంతకంటే నిజం ఇంకేముంటుంది?

దగ్గరగా మైక్ పెట్టి రికార్డ్ చేసిన తుపాకీ చాలాసార్లు ఉత్త టపాకాయలా వినిపిస్తుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తే, రైఫిల్ తూటా 800 మీటర్లకు పైగా వెళ్తుంది. దూరం నుంచి కాలిస్తే ముందు తూటా పక్కనుంచి దూసుకుపోయిన చిటుక్కు వినిపిస్తుంది, ఆ తర్వాతే తుపాకీ ఢాం. కాల్చేవాడికి వినిపించేది వేరు, కాల్పులకు గురయ్యేవాడికి వినిపించేది వేరు. మైక్ ఎక్కడ పెట్టామన్నది మనం ఎవరి పక్షాన కూర్చున్నామన్న ప్రశ్నే. విజయగాథల్లో ఎక్కువగా కాల్చేవాడి శబ్దమే వింటాం.

ఇక సెట్‌లో రికార్డ్ చేసిందే అసలైనదన్న నమ్మకం ఈ సినిమాల దగ్గర అస్సలు నిలవదు. 1929లో కెమెరా రొద మైక్‌లో పడకుండా దాన్ని గదుల్లో బంధించి తీసేవారు, అటూఇటూ కదిలే వీలుండేది కాదు. మైల్‌స్టోన్ పోరాట దృశ్యాల్ని మూకీ కెమెరాతో స్వేచ్ఛగా తీసుకుని, శబ్దం తర్వాత కలిపాడు. 'దాస్ బోట్' ఇరుకు సెట్‌లో కెమెరామన్ యోస్ట్ వకానో పరిగెత్తుతూ తీయడానికి చేయించుకున్న కెమెరాకి, అది ఊగకుండా నిలిపే గైరోస్కోపులు ఉన్నాయి, వాటి గోలలో డైలాగ్ దక్కలేదు. అందుకే జర్మన్ వెర్షన్‌లోని మాటలు కూడా తర్వాత డబ్బింగ్ చెప్పినవే. డబ్బింగ్ థియేటర్లోనే పుట్టి పెరిగిన మన తెలుగు సినిమా వాళ్లకి ఇది ధైర్యం ఇచ్చే సంగతి.

అపోహ: యుద్ధాన్ని ఎంత భయంకరంగా చూపిస్తే అంత యుద్ధ వ్యతిరేక సినిమా.

యుద్ధం మీద తీసిన ఏ సినిమా అయినా చివరికి యుద్ధానికి అనుకూలంగానే తేలుతుందని ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫో అనేవాడు. ఆయన మాట పూర్తిగా ఒప్పుకోను, కానీ నా బల్ల మీదికి వచ్చే ప్రతి యుద్ధ దృశ్యంలో ఆ ప్రమాదం కనిపిస్తుంది. 'దాస్ బోట్' నవల రాసిన లోతార్ గుంథర్ బుఖ్‌హైమ్ స్వయంగా జలాంతర్గామిలో వెళ్లొచ్చినవాడు. తన పుస్తకాన్ని యాక్షన్ సినిమా చేసేశారని ఆయన గట్టిగా విమర్శించాడు. నాకు సినిమా అంటే ప్రేమే, అయినా సంగీత దర్శకుడు క్లాస్ డోల్డింగర్ థీమ్ మోగుతూ పడవ అలల మీద దూసుకెళ్లే చోట ఆయన కోపం అర్థమవుతుంది. ఆ నిమిషంలో మనకూ ఎక్కి వెళ్లాలనిపిస్తుంది.

వీరత్వం సినిమాలోకి ఎక్కువగా ఆర్.ఆర్. (నేపథ్య సంగీతం) దారిలోనే వస్తుంది. 1930 సినిమాలో నేపథ్య సంగీతం పెట్టకపోవడం అందుకే అంత పదునుగా తగులుతుంది. చివర్లో సీతాకోకచిలుక కోసం పాల్ చెయ్యి చాపుతుంటే ఎవరో సైనికుడు మౌతార్గాన్ వాయిస్తుంటాడు, తూటా తగలగానే అది ఆగిపోతుంది.

అదే నవల మీద ఎడ్వర్డ్ బెర్గర్ 2022లో జర్మన్‌లో తీసిన సినిమాకి ఫోల్కర్ బెర్టెల్‌మన్ సంగీతం ఇచ్చాడు, ఆస్కార్ వచ్చింది. తన ముత్తవ్వ హార్మోనియం బాగుచేయించి దాని మీద మూడంటే మూడు స్వరాలు వాయించి, వికృతంగా సాగదీశాడు. మనకు హార్మోనియం అంటే పద్యనాటకం, భజన. దానిలోంచి ఫ్యాక్టరీ సైరన్ లాంటి గర్జన రావడం విన్నప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. పైగా అది మోగే మొదటి దృశ్యాల్లో చనిపోయిన సైనికుల యూనిఫాంలు ఊడదీసి, ఉతికి, కుట్టి, కొత్త కుర్రాళ్లకి ఇస్తుంటారు. ఆ స్వరాలు వింటూ ఎవరికీ కవాతు చేయాలనిపించదు.

అపోహ: ఓడిన సైనికుడి చావుకి గౌరవం ఇవ్వాలంటే దాన్ని ఘనంగా వినిపించాలి.

వీరమరణం అనగానే కోరస్ ఎత్తుకోవడం మన దగ్గర అలవాటు. క్లింట్ ఈస్ట్‌వుడ్ 2006లో జపనీస్ భాషలో తీసిన 'లెటర్స్ ఫ్రమ్ ఇవో జిమా' చూడండి. 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇవో జిమా దీవిని అమెరికా సేనల నుంచి కాపాడబోయిన సుమారు 20 వేల మంది జపాన్ సైనికుల్లో ప్రాణాలతో పట్టుబడినవాళ్లు చాలా కొద్దిమంది. కథానాయకుడు సైగో రొట్టెలు కాల్చుకునేవాడు. అతని దుకాణం సామాన్లు కూడా ఇనుము కోసం సైన్యం పట్టుకుపోయింది. ఆ దీవిలోని సురిబాచి కొండ గుహలో ఓటమి ఖాయమయ్యాక సైనికులు ఒకరి తర్వాత ఒకరు గ్రెనేడ్‌ని హెల్మెట్‌కేసి కొట్టి గుండెకు హత్తుకుంటారు. టక్కుమని ఒక చప్పుడు, కొన్ని క్షణాల ఏడుపు, పేలుడు. మళ్లీ టక్. రెండోసారి నుంచి ఆ చిన్న చప్పుడు వినగానే మనకు వణుకు పుడుతుంది, పేలుడు దాకా ఆగక్కర్లేదు. ఆ సినిమాకి వచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ సౌండ్ ఎడిటింగ్‌కి. ఆ చావుల్లో ఏ ఘనతా లేదని, చచ్చినవాళ్లు మాత్రం ఒక్కొక్కరూ మనుషులేనని అంత స్పష్టంగా చెప్పిన ట్రాక్ నేను ఇంకోటి వినలేదు.

అపోహ: ఏ భాషలో చూసినా కథ ఒకటే కదా.

కథ ఒకటే, గొంతు ఒకటి కాదు. నీటి అడుగున ప్రాణభయంతో గుసగుసలాడే మనిషికి, డబ్బింగ్‌లో నిండైన గొంతు తగిలిస్తే ఆ దృశ్యం అక్కడే చచ్చిపోతుంది. మన డబ్బింగ్ ఆర్టిస్టులకి ఆ గుసగుస రాక కాదు. మాట అర్థం కాదేమోనని పక్కనుంచి "గట్టిగా చెప్పండి" అంటుంటారు. 'దాస్ బోట్' ఇంగ్లీష్ డబ్బింగ్‌ని అవే నటులతో చెప్పించారు, చాలావరకు నిలబడింది. అయినా జర్మన్‌లోనే, సబ్‌టైటిల్స్‌తో చూడమంటాను. 1997లో పీటర్సన్ సౌండ్‌ని కొత్తగా చేయించి విడుదల చేసిన దాదాపు మూడున్నర గంటల డైరెక్టర్స్ కట్ దొరికితే అది చూడండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా చాలు, ఇంట్లో అందరూ పడుకున్నాక, వాల్యూమ్ మధ్యలో పెట్టి.