ఒంట్ల కొవ్వు ఇంట్లనే కొలుచుకునుడు: అపోహలు, వాస్తవాలు

నేను నల్గొండల డైటీషియన్‌ని. ఈమధ్య శానమంది ఫోన్ల యాప్ తెరిచి "మేడమ్, ఫ్యాట్ 31.4 చూపిస్తుంది" అని పరేషాన్ అయితనే వస్తున్నరు, అందుకే ఇది రాస్తున్న.

అపోహ: స్మార్ట్ తూకం మిషన్ కొవ్వును నేరుగా కొలుస్తది.

వాస్తవం: కొలవదు, అంచనా కడ్తది. పాదాల నుంచి సన్నటి కరెంటు పంపి, దానికి ఒంట్ల ఎంత అడ్డు తగులుతుందో చూస్తది. నీళ్లు ఎక్కువుండే కండల నుంచి కరెంటు సాఫీగ పోతది, కొవ్వుల నుంచి అంతగనం పోదు, ఆ లెక్కకు మీరు యాప్‌ల ఎక్కించిన వయసు, ఎత్తు, ఆడా మగా అన్నది కలిపి ఒక ఫార్ములా పెట్టి నంబర్ తీస్తది. పైగా కాళ్లతోని ఎక్కి నిలబడే మిషన్ల కరెంటు ఎక్కువగ ఒక కాలు నుంచి ఎక్కి ఇంకో కాలుకు దిగిపోతది, మనోళ్లకు అసలు కొవ్వు పేరుకునే పొట్ట సంగతి దానికి సరిగ్గ తెల్వదు. మే నెల ఎండల చేన్ల పనిచేసి చెమటలు కారంగ వచ్చి ఎక్కితే ఒంట్ల నీళ్లు తగ్గి ఉంటయి కాబట్టి కొవ్వు ఎక్కువున్నట్టు చూపియ్యొచ్చు. మడిమెలు పగిలి అరికాళ్ల తోలు ఎండిపోయి గట్టిపడ్డోళ్లకు కూడ తేడా వస్తది.

మరి మిషన్ పారేయాల్నా? వద్దు. పొద్దుగాల బాత్రూంకు పోయొచ్చి, ఏం తినక తాగక ముందు, అరికాళ్లు తడిబట్టతోని తుడుసుకొని ఎక్కండి, రోజుకో నంబర్ చూసి దిగులు పడకుండ నెలనెలకు తగ్గుతుందా పెరుగుతుందా అన్నది చూడండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నోళ్లు మాత్రం కొవ్వు చూపించే మిషన్ అస్సలు ఎక్కొద్దు.

అపోహ: బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువున్నదా అని చూసే లెక్క) నార్మల్ ఉంటే కొవ్వు లేనట్టే.

వాస్తవం: పుణె డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండ్ డాక్టర్ యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ 22.3నే, కానీ స్కాన్ తీస్తే యుడ్కిన్‌కు కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం వచ్చింది, 2004ల లాన్సెట్ అనే వైద్య పత్రికల ఫొటోతో సహా పెట్టిన్రు. సన్న చేతులు, సన్న కాళ్లు, ముందట మాత్రం పొట్ట, అసొంటోళ్లు మన ఇండ్లల్ల ఎంతమంది లేరు! వీళ్లను చూసి "బక్కగనే ఉన్నడు, షుగర్ ఎట్లొస్తది" అంటరు, అది వింటే నాకు శాన బాధైతది.

అపోహ: జిమ్‌ల పట్టకారుతోని తోలు పట్టి చూస్తే పక్కా.

వాస్తవం: పట్టేటోళ్ల చెయ్యి మారితే నంబర్ మారుతది, లోపల పేగులు, లివర్ చుట్టు ఉన్న కొవ్వు దానికి చిక్కనే చిక్కదు.

అపోహ: నా ప్యాంట్ సైజ్ 34, అంటే నడుము 34.

వాస్తవం: ప్యాంట్ పొట్ట కిందికి కట్టుకుంటరు అన్నా! చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు నడిమధ్యల టేపు పెట్టి, ఊపిరి మామూలుగ వదిలినంక, పొట్ట లోపలికి గుంజకుండ చూడాలె. మన దగ్గర మగోళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడోళ్లకు 80 దాటొద్దు. టేపు లేకుంటే మీ ఎత్తంత దారం తీసుకొని సగానికి మడిచి నడుము చుట్టు పెట్టండి, రెండు కొసలు కలుస్తలేవంటే ఏ మిషన్ ఏం చూపించినా సరే, ఈ వారంలనే దవాఖానకు పోయి షుగర్, బీపీ చూపించుకోండి.