సిమ్ పోయింది, మనిషి దేశంలో లేరు: అపోహలు – వాస్తవాలు

కువైట్‌లో ఉన్న కొడుకు ఫోను పోయిందని రాజంపేట దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి మా కౌంటరుకు వచ్చింది. కొడుకు ఆధార్ నకలు, పాస్‌పోర్టు నకలు, రెండు ఫొటోలు సంచిలో భద్రంగా పెట్టుకొచ్చింది. డూప్లికేట్ సిమ్ ఇవ్వడం కుదరదని చెప్పాను. "కన్నతల్లికి ఇవ్వకపోతే ఇంకెవరికి ఇస్తారమ్మా?" అంది. "ఈ నకళ్లు రేపు ఇంకొకరు కూడా తేగలరమ్మా. అప్పుడు వాళ్లకూ ఇవ్వాల్సి వస్తుంది" అన్నాను. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. సంచి సర్దుకుని మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. నేను చేసింది సరైన పనే. అయినా ఆమె ఉత్తచేతులతో వెళ్లడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆ అబ్బాయి విమానం ఎక్కేముందు ఎవరైనా అరగంట కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆమెకు ఆ ప్రయాణమే తప్పేది.

పన్నెండేళ్లుగా కడపలో సిమ్ మార్పిడి దరఖాస్తులు తనిఖీ చేస్తున్నాను. మా ప్రాంతం నుంచి కువైట్ వెళ్లేవారు, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్, సౌదీ వెళ్లేవారు, కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లు, అమెరికా చదువులకు వెళ్లే పిల్లలు అందరూ ఒక భారతీయ నంబరును వెంట తీసుకువెళతారు. బ్యాంకు, ఆధార్, పింఛను, భూమి కాగితాలు అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి. ఆ నంబరు గురించి నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: ఇంట్లోవాళ్లు వెళ్లి అడిగితే సిమ్ ఇచ్చేస్తారు

ఒకప్పుడు ఒక నకలు, ఒక సంతకం చాలేవి. అందుకే ఇంకొకరి నంబరు కాజేసే మోసాలు జరిగాయి. సిమ్ మార్చుకునేవారు కొత్త సిమ్ తీసుకునేవారిలాగే గుర్తింపు ప్రక్రియ మొత్తాన్ని మళ్లీ పూర్తి చేయాలని కేంద్ర ప్రభుత్వం 2023 ఆగస్టులో ప్రకటించింది. 2024 జనవరి 1 నుంచి కాగితాల మీద జరిగే గుర్తింపు ప్రక్రియ రద్దయింది. ఇప్పుడు కావలసింది సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి వేలిముద్ర, లేదా అక్కడికక్కడే తీసే ఫొటో. కువైట్‌లో ఉన్న వేలిని కడపకు తేలేం.

"తెలిసిన షాపు ఉంది, వాళ్లు చేసిపెడతారు" అనే మాట కూడా వింటుంటాను. మీకోసం నిబంధన తప్పిన షాపు రేపు మీ నంబరు అడిగిన దొంగకోసమూ తప్పుతుంది. ఇంకో సంగతి. మోసంతోనో, మరొకరిలా నటించో సిమ్ పొందితే 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. తమ్ముడి కోసం అన్న వెళ్లి ఫొటో దిగడం ప్రేమతో చేసే పనే కావచ్చు. చట్టం దాన్ని అలా చూడదు.

కొన్ని కంపెనీలు విదేశాల్లో ఉన్న ఖాతాదారులకు ఆప్ ద్వారానో, ఈమెయిల్ ద్వారానో ఇ-సిమ్‌కు (కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్‌కు) మారే దారి ఇస్తున్నాయి. పాత సిమ్ పనిచేస్తున్నప్పుడే, మీ ఈమెయిల్ ముందే కంపెనీ దగ్గర నమోదై ఉన్నప్పుడే అది సాఫీగా సాగుతుంది. అన్నీ పోయాక మొదలుపెడితే ఆ దారి చాలా కష్టం.

అపోహ: సిమ్ ఎవరి పేరు మీద ఉంటే ఏమిటి, వాడేది నేనే కదా

నేను చూసిన చిక్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి. పదేళ్ల క్రితం బావమరిది పేరు మీద తీసుకున్న సిమ్. చనిపోయిన నాన్న పేరు మీద ఉన్న సిమ్. గల్ఫ్ పంపిన ఏజెంటు తన పేరు మీద తీసి చేతిలో పెట్టిన సిమ్. మనిషి పదేళ్లుగా అదే నంబరుతో బతుకుతారు, జీతం సందేశాలు దానికే వస్తాయి. సిమ్ పాడైన రోజున ఆ నంబరు తనది కాదని తెలుస్తుంది. బావమరిదితో మాటలు లేకపోతే ఆ నంబరు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఏజెంటు పేరు మీద ఉన్న సిమ్ ఇంకా ప్రమాదం. సిమ్ పోయిందని అతను వచ్చి వేలిముద్ర వేస్తే మా రికార్డు ప్రకారం అతనే యజమాని. మేము ఇవ్వక తప్పదు. ఇక్కడ తనిఖీలో లోపమేమీ లేదు. తప్పు పేరును తనిఖీ సరిగ్గానే గుర్తించింది, అంతే.

టెలికం శాఖ 2023 మేలో ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో మీ నంబరుతో ప్రవేశిస్తే మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూపిస్తుంది. దేశంలోని చాలా ప్రాంతాల్లో ఒక మనిషి పేరు మీద గరిష్ఠంగా 9 ఉండవచ్చు. మీరు వాడే నంబరు ఆ జాబితాలో లేకపోతే అది మీ పేరు మీద లేదన్నమాట. మీవి కాని నంబర్లు అందులో కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. ప్రయాణానికి కనీసం నెల ముందు ఈ పని చేయండి. పేరు మార్పిడికి ఇద్దరూ కౌంటరుకు రావాల్సి రావచ్చు.

అపోహ: విదేశానికి వెళ్లాక భారతీయ సిమ్ తీసి పెట్టెలో దాచుకుంటే చాలు

నాకు అన్నిటికంటే ఎక్కువ కలవరం కలిగించేది ఇదే. కొంచెం నిదానంగా చదవండి.

మీ నంబరుకు ఎవరైనా డూప్లికేట్ సిమ్ అడిగితే ఆ సమాచారం మీ పాత సిమ్‌కే వస్తుంది. కొత్త సిమ్ పనిచేయడం మొదలైన క్షణంలో పాత సిమ్‌కు సిగ్నల్ పోతుంది. ఆ తరువాత 24 గంటల పాటు కొత్త సిమ్‌లో ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. ఆ సిమ్‌ను దొంగ సంపాదించినా ఆ ఒక్క రోజు అతనికి ఎస్ఎంఎస్‌గా ఓటీపీ అందకుండా, అసలు మనిషి మేల్కొనేలా పెట్టిన నిబంధన అది. 2024 జులై 1 నుంచి ఇంకొకటి చేరింది: సిమ్ మార్చిన తరువాత ఏడు రోజుల వరకు ఆ నంబరును వేరే కంపెనీకి పోర్ట్ చేయడానికి కోడ్ ఇవ్వరు.

ఈ రక్షణలు మీకు పనికిరావాలంటే పాత సిమ్ ఫోనులో, సిగ్నల్ అందుతూ ఉండాలి. పెట్టెలో ఉన్న సిమ్‌కు సందేశం చేరదు. సిగ్నల్ పోయిన సంగతీ తెలియదు. మీకోసం పెట్టిన 24 గంటలు మీకు తెలియకుండానే గడిచిపోతాయి.

అందుకే రెండు సిమ్‌లు పట్టే ఫోను తీసుకోండి. భారతీయ సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్‌ను బయలుదేరేముందే అమలు చేయించుకోండి. డేటా రోమింగ్ మాత్రం ఆపండి, లేకపోతే బిల్లు పెరుగుతుంది. రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌లకు సాధారణంగా ఛార్జీ ఉండదు. వచ్చే కాల్ ఎత్తితే మాత్రం ఉంటుంది.

24 గంటల నిలుపుదల ఎస్ఎంఎస్‌లకే వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోండి. వాట్సాప్ కోడ్‌ను ఫోను కాల్ ద్వారా కూడా చెప్పించుకోవచ్చు. డూప్లికేట్ సిమ్ చేతికి వచ్చిన దొంగ మొదట వాట్సాప్ తెరిచి "అమ్మా, అర్జెంటుగా డబ్బు పంపు" అని మీ ఇంటికే సందేశం పెడతాడు. వాట్సాప్‌లో రెండంచెల ధ్రువీకరణ పిన్ పెట్టుకుంటే ఆ దారి మూసుకుంటుంది. రెండు నిమిషాల పని.

అపోహ: నంబరు ఎప్పటికీ నాదే, తిరిగొచ్చాక రీచార్జ్ చేసుకుంటాను

నంబరు మీ ఆస్తి కాదు. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు ఏమాత్రం వాడకపోతే కంపెనీ దాన్ని తొలగించవచ్చు. తొలగించిన నంబరును మరో 90 రోజులు ఎవరికీ ఇవ్వరని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 నవంబరులో సుప్రీంకోర్టుకు తెలిపింది. ఆ తరువాత అది ఎవరో అపరిచితులకు వెళుతుంది. వాళ్లు ఏ తప్పూ చేయకుండానే మీ బ్యాంకు సందేశాలు వాళ్ల ఫోనులో పడతాయి. రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లినవారి విషయంలో ఇది ఎన్నోసార్లు చూశాను.

డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే ప్యాక్‌లు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. అలాంటి ప్రత్యేక ప్యాక్‌ల గడువు 365 రోజుల వరకు ఉండవచ్చు. ఏడాది ప్యాక్ వేయించి, గడువు తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాయించండి.

ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు (విదేశాల్లో ఉండే భారతీయుల బ్యాంకు ఖాతాలు) ఉన్నవారికి మరో వెసులుబాటు ఉంది. అమెరికా, బ్రిటన్, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్, సింగపూర్ వంటి కొన్ని దేశాల నంబర్లతోనే యూపీఐ వాడుకోవడానికి 2023లో అనుమతి వచ్చింది. మీ బ్యాంకు ఈ సదుపాయం ఇస్తుంటే తీసుకోండి, భారతీయ సిమ్ మీద భారం తగ్గుతుంది.

అపోహ: ఇ-సిమ్‌ను ఎవరూ కాజేయలేరు

ఫోను దొంగిలించినవాడు దాన్ని ఊడబీకలేడన్నది నిజమే. కానీ ఇ-సిమ్ మోసాలు తెలుగు నేల మీద కొత్తవి కావు. 2020 జులైలోనే సైబరాబాద్ పోలీసులు వీటి గురించి హెచ్చరించారు. పద్ధతి ఇలా ఉంటుంది: మీ కేవైసీ (గుర్తింపు ప్రక్రియ) పూర్తి కాలేదు, సిమ్ ఆగిపోతుందని సందేశం వస్తుంది. తరువాత కస్టమర్ కేర్ పేరుతో ఎవరో ఫోను చేసి, తాము పంపిన ఒక చిన్న సందేశాన్ని కంపెనీ నంబరుకు పంపమంటారు. ఆ సందేశంలో ఉండేది వాళ్ల ఈమెయిల్. మీ చేతులతోనే వాళ్ల ఈమెయిల్‌ను మీ ఖాతాకు జోడిస్తారు. ఇ-సిమ్ క్యూఆర్ కోడ్ ఆ ఈమెయిల్‌కే వెళుతుంది.

ప్రయాణికులకు ఇంకో మాట. ఇ-సిమ్ ఫోనులోనే ఉంటుంది కాబట్టి ఫోను పోతే అదీ పోయినట్టే. క్యూఆర్ కోడ్ మామూలుగా ఒక్కసారే పనిచేస్తుంది. దాని ఫొటో దాచుకున్నంత మాత్రాన కొత్త ఫోనులో నంబరు రాదు.

చిన్న చిన్న అపోహలు

"హోటల్లో ఎవరో నా ఫోను ఒక్క నిమిషం పట్టుకున్నారు, సిమ్ కాపీ చేసి ఉంటారు." ఆ భయం అక్కర్లేదు. సిమ్‌లోని రహస్య తాళం కార్డు దాటి బయటికి రాదు. పాతకాలపు కార్డుల్లో ఆ బలహీనత ఉండేది.

"ఫోనుకు లాక్ ఉంది, సిమ్ భద్రమే." కాదు. సిమ్ తీసి వేరే ఫోనులో వేస్తే మీ ఓటీపీలు అందులోకి వస్తాయి. దీనికి మందు సిమ్ పిన్, అంటే సిమ్‌కే పెట్టుకునే రహస్య సంఖ్య. అయితే జాగ్రత్త: మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అనే 8 అంకెల విడుదల కోడ్ అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే కార్డు శాశ్వతంగా పనికిరాదు. సిమ్ పిన్‌ను ఇంట్లో ఉండగానే పెట్టుకోండి, విమానాశ్రయంలో కాదు.

"సంచార్ సాథీలో ఫోను బ్లాక్ చేశాను, ఇక భయం లేదు." అక్కడ ఆగేది హ్యాండ్‌సెట్, అదీ భారతీయ నెట్‌వర్క్‌లలో. నంబరును ఆపేది మీ టెలికం కంపెనీ మాత్రమే. రెండు పనులూ వేర్వేరుగా చేయాలి.

అపోహ: ఇక్కడే ఇన్ని ఇబ్బందులు, అమెరికాలో అంతా పక్కాగా ఉంటుంది

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి అయిదు కంపెనీల ప్రీపెయిడ్ కనెక్షన్ల మీద ఒక్కోదానికి పదిసార్లు చొప్పున సిమ్ మార్పిడి ప్రయత్నించి 2020లో ఫలితాలు ప్రకటించారు. 50 ప్రయత్నాల్లో 39 ఫలించాయి. కొన్నిచోట్ల కస్టమర్ కేర్‌వారు అడిగిన ప్రశ్న: ఈమధ్య మీరు ఏ నంబర్లకు ఫోను చేశారు? దొంగ ముందుగా మీకు ఒక మిస్డ్ కాల్ ఇచ్చి, మీరు తిరిగి చేసేలా చేస్తే ఆ జవాబు అతనికి తెలుసు. తెలియని నంబర్లకు తిరిగి ఫోను చేయవద్దని మా ఇంటి పిల్లలకు నేను పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

2024 జనవరిలో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎక్స్ (పాత ట్విట్టర్) ఖాతాయే సిమ్ మార్పిడి ద్వారా చేజారింది. అలబామాకు చెందిన ఒక యువకుడు నకిలీ గుర్తింపు కార్డు ముద్రించుకుని దుకాణానికి వెళ్లి ఆ ఖాతాకు ముడిపడిన నంబరు సిమ్ తెచ్చుకున్నాడు. కార్డు చూశారు, మనిషిని సరిచూసుకోలేదు. సౌదీలో 2016 నుంచి సిమ్‌కు వేలిముద్ర తప్పనిసరి. దాన్ని విసుక్కునేవారికి నేను ఈ అలబామా కథే చెబుతాను. అమెరికాలో ఉన్నవారు తమ కంపెనీ ఆప్‌లో నంబరుకు తాళం వేసే సదుపాయాన్ని వెతికి పెట్టుకోండి. పెద్ద కంపెనీల్లో అది ఉచితమే.

అపోహ: డబ్బు పోయాక చేసేదేమీ లేదు

ఉంది, కానీ గంటలు లెక్క. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక మూడో వ్యక్తి వల్ల డబ్బు పోయి, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు మీరు బ్యాంకుకు తెలిపితే మీ మీద భారం పడదు. మీరే ఓటీపీ, పిన్ చెప్పి ఉంటే తెలిపే వరకు జరిగిన నష్టం మీదే.

విదేశంలో ఉండి సిగ్నల్ అకారణంగా పోతే ముందు ఫోనును ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి చూడండి. పక్కనున్న భారతీయ సిమ్‌లు పనిచేస్తూ మీదొక్కటే ఆగితే ఆలస్యం చేయవద్దు. బ్యాంకుకు ఫోను చేసి ఖాతాలో లావాదేవీలు ఆపించండి, ఆ వెంటనే టెలికం కంపెనీకి చేయండి. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930 వంటి చిన్న నంబర్లు, 1800తో మొదలయ్యే ఉచిత నంబర్లు విదేశాల నుంచి సాధారణంగా కలవవు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదుకూ భారతీయ నంబరుకు ఓటీపీ వస్తుంది. కాబట్టి 1930కి చేయాల్సింది ఇంట్లోవాళ్లు. ఆ రాజంపేట తల్లిలాంటివారు సిమ్ తేలేరు గానీ, ఈ ఫోను చేయగలరు. ఖాతా సంఖ్యలో చివరి అంకెలు, బ్యాంకు శాఖ పేరు, పోయిన మొత్తం, సమయం వాళ్లకు చెప్పండి.

బయలుదేరేముందు ఒక కాగితం మీద 91తో మొదలయ్యే బ్యాంకు పూర్తి నంబరు, టెలికం కంపెనీ విదేశీ సహాయ నంబరు, సిమ్ వెనుక 8991తో మొదలయ్యే అంకెలు, ఫోను ఐఎంఈఐ (ఒక్కో హ్యాండ్‌సెట్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) రాసుకోండి. ఒక నకలు ఇంట్లో ఇవ్వండి. రెండోది ఫోను కవరులో కాదు, పాస్‌పోర్టు కవరులో పెట్టుకోండి.