గో ఆటను తిరిగి చూసుకోవడం: అపోహలు - వాస్తవాలు

గో అంటే గళ్ల బోర్డు మీద నలుపు, తెలుపు రాళ్లు పేరుస్తూ ఎక్కువ చోటును చుట్టుముట్టే ఆట. పూర్తిగా చుట్టుముట్టిన రాళ్లు చచ్చినట్టే.

అపోహ: రాళ్లు చచ్చిన చోటే తప్పు జరిగింది.

వాస్తవం: కొత్తగా నేర్చుకునేవాళ్ల ఆటలు చూస్తున్నప్పుడు నేను తరచూ వినే మాట: "ఇక్కడ అటారి చూసుకోలేదు, అందుకే ఓడిపోయాను." అటారి అంటే ప్రత్యర్థి మరొక్క ఎత్తు వేస్తే రాళ్లు పోయే స్థితి. ఆ ఎత్తులో పది రాళ్లు పోయిన మాట నిజమే. కానీ ఇరవై, ముప్పై ఎత్తులు వెనక్కి వెళ్లండి. ప్రత్యర్థి మీ రాళ్లను రెండు గుంపులుగా కోసేస్తుంటే, అడ్డుకోకుండా వేరే మూలలో నాలుగు పాయింట్ల కోసం వెళ్లిన ఎత్తు ఒకటి కనిపిస్తుంది. ఆ తర్వాత రెండు గుంపులకూ ఒకేసారి కళ్లు (చుట్టుముట్టినా చావకుండా కాపాడే లోపలి ఖాళీలు) కావాల్సి వచ్చింది. ఒకదాన్ని కాపాడితే రెండోది పోతుంది. అటారి చూసుకున్నా ఏదో ఒకటి చచ్చేదే. రివ్యూలో ఎక్కువసేపు ఆగాల్సింది ఆ కోత దగ్గర.

అపోహ: కటాగో ఉండగా మనం బుర్ర పెట్టక్కర్లేదు.

వాస్తవం: 2019లో వచ్చిన ఈ ఉచిత గో ప్రోగ్రామ్ ఏ ఎత్తుకు ఎన్ని పాయింట్లు పోయాయో చెప్తుంది. ఎందుకు పోయాయో మాటల్లో చెప్పదు. ఒక్క ఎత్తుకు ఇరవై పాయింట్లు చేతులు మారే మన ఆటల్లో, అది చూపే అర పాయింటు తేడాల గురించి టెన్షన్ పడకండి. ముందు దాన్ని తెరవకుండా ఆటంతా చూడండి. అనుమానం వచ్చిన ప్రతిచోటా అప్పుడు ఏమనుకున్నారో, ఎవరు ముందున్నారనుకున్నారో రాసుకోండి. తర్వాత పోల్చండి. మీరు ముందున్నాననుకున్న చోట అది ఇరవై పాయింట్లు వెనుక అని చూపిస్తే, ఆ రోజుకు అదే పాఠం: ఆట మధ్యలో లెక్కపెట్టడం నేర్చుకోవాలి.

అపోహ: గెలిచిన ఆటను చూడక్కర్లేదు.

వాస్తవం: మీ అతి దూకుడు ఎత్తులను ప్రత్యర్థి శిక్షించలేదు, అంతే. బలమైనవాళ్లు వదలరు.

అపోహ: రివ్యూ ఒంటరిగా చేసుకునే పని.

వాస్తవం: జపాన్, కొరియా, చైనా ప్రొఫెషనల్స్ ఆట అవగానే అదే బోర్డు దగ్గర ప్రత్యర్థితో కలిసి ఎత్తులు మళ్లీ పేరుస్తారు. 2016 మార్చిలో సియోల్‌లో కొరియా ప్రొఫెషనల్ లీ సెడోల్‌కు ఆ వీలు లేదు, ఎదురుగా ఉన్నది ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్. ఆ పోటీలో రెండో ఆట ఓడిన రాత్రి ఆయన తోటి ఆటగాళ్లతో కూర్చుని ఆ ఆటల్ని తరచి చూశాడు. మూడోదీ ఓడినా, నాలుగో ఆటలో 78వ ఎత్తుతో ఆల్ఫాగోను తడబడేలా చేసి గెలిచాడు. మీరూ ఆట అయ్యాక "ఇక్కడ మీరు దేనికి భయపడ్డారు?" అని ఎదుటివాళ్లను అడగండి. చాలామంది సంతోషంగా చెప్తారు.

అపోహ: ఆటంతా గుర్తుండాలి.

వాస్తవం: ఆన్‌లైన్‌లో రికార్డు దానంతటదే ఉంటుంది. బోర్డు మీదైతే మొదటి యాభై ఎత్తులు పేర్చగలిగినా మొదలుపెట్టడానికి చాలు.