మాయాబజార్ డిస్కు కొనేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

భీమవరంలో పెళ్లి క్యాసెట్లు డిజిటల్లోకి ఎక్కించడం, పాత సినిమా డిస్కులు అమ్మడం నా పని. ‘మాయాబజార్’ కోసం వచ్చేవాళ్లు ముందు అడిగేది ఒకటే: “కలర్‌ది ఉందాండీ?”

అపోహ: రంగులదే మంచిది.
వాస్తవం: 1957లో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే వెలుగునీడలు చూసుకుని తీసింది నలుపు-తెలుపులో. 2010 నాటి రంగుల వెర్షన్ కోసం చతురస్రానికి దగ్గరగా ఉండే ఫ్రేమును సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పు తెర, చేశారు. అలా తెర నింపాలంటే పైనా కిందా కొంత పోవాల్సిందే. కొన్ని పాటలు, పద్యాలూ లేవు. పద్యాలు ఎగరగొట్టిన మాయాబజార్ ఇస్తే మా గోదారి జిల్లాల పెద్దాళ్లు ఊరుకుంటారా? పిల్లలకు అలవాటు చేయడానికి రంగులది పనికొస్తుంది, కాదనను. దాచుకోవడానికి మాత్రం నలుపు-తెలుపే. టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు కనిపిస్తే డిస్కు పాడైందని టెన్షన్ వద్దు. రిమోట్‌తో సాగదీశారో, ఎస్వీఆర్ ఇంకా లావైపోతారు.

అపోహ: నిడివి తగ్గిందంటే కోసేసినట్టే.
వాస్తవం: అన్నిసార్లూ కాదు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను పాల్ (PAL, మన దేశపు టీవీ పద్ధతి) డీవీడీలో 25కి పరిగెత్తిస్తారు. 184 నిమిషాలది 177కి వచ్చేస్తుంది, ఒక్క సీనూ పోకుండా. శ్రుతి సరిచేయకపోతే మాధవపెద్ది సత్యం గొంతు కాస్త సన్నబడుతుంది, అంతే. అంతకంటే బాగా తగ్గితే అప్పుడు అనుమానించండి, పాటలు ఒక్కొక్కటీ సరిచూసుకోండి.

అపోహ: 4కె అని రాస్తే 4కెనే.
వాస్తవం: డీవీడీ బొమ్మనే పెంచి ఆ పేరు పెట్టేవాళ్లు బోలెడు. ‘వివాహ భోజనంబు’లో లడ్లు నోట్లోకి ఎగిరొచ్చే చోట ఆపి చూడండి. లడ్డు అంచు గళ్లుగళ్లుగా విడిపోయినా, మొహాలు మైనపు బొమ్మల్లా నునుపెక్కినా అది అసలు ఫిల్ము నుంచి తీసింది కాదేమోనని అనుమానించండి.

5.1 సౌండు గురించి ఎక్కువ చెప్పను. అసలుది మోనో, అంటే శబ్దమంతా ఒకే ట్రాకులో. మిగతాదంతా తర్వాత కలిపిందే.

అపోహ: డిస్కు అంటే డిస్కే.
వాస్తవం: వెనక్కి తిప్పండి. ఊదారంగులో మెరిస్తే ఇంట్లో రాసిన కాపీ, వెండిలా ఉంటే కంపెనీలో అచ్చొత్తింది. మన డెల్టా ఉక్కకి, తేమకి మొదటి రకం తొందరగా పోతుంది. రెండోదాన్నైనా బీరువాలో నిలువుగా పెట్టండి. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా కాదు.