తూటా ఎందుకు ఇరుక్కుంటుంది?

ప్రియమైన పిల్లలూ,

వేటకు వాడే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పేల్చి, తరువాతి తూటాను తానే ఎక్కించుకునే తుపాకీ) ఒకటి ఒక గుండు పేల్చి, రెండో గుండుకు మొరాయించిందని విని, "తాతయ్యా, లోపల ఏం అడ్డుపడుతుంది?" అని మీరు అడిగారు. జవాబు కోసం మీ బల్ల మీది స్టేప్లర్ తెచ్చుకోండి.

మూత ఎత్తితే పిన్నుల వరుస, దాన్ని వెనుక నుంచి నెట్టే స్ప్రింగ్ కనిపిస్తాయి. రైఫిల్‌లో తూటాలు పేర్చే పెట్టె అయిన మ్యాగజైన్‌లోనూ అలాంటి స్ప్రింగే తూటాలను పైకి నెడుతుంది. పైకొచ్చిన తూటాను బోల్ట్ అనే ఉక్కు ముక్క గొట్టం మొదట్లో ఉన్న ఛాంబర్‌లోకి తోస్తుంది. స్ప్రింగ్ నీరసించినా, మ్యాగజైన్ పై అంచులు కొద్దిగా వంగినా, తూటా వంకరగా లేచి ఛాంబర్ అంచుకు గుద్దుకుని ఆగిపోతుంది.

స్టేప్లర్ పిన్ను మొత్తంగా కాగితంలోకి వెళ్లిపోతుంది. తూటా అలా కాదు, గుండు వెళ్లిపోయాక ఇత్తడి తొడుగు ఛాంబర్‌లోనే మిగులుతుంది. కాబట్టి ప్రతి పిన్నూ ఒక తొక్క వదిలే స్టేప్లర్‌ను ఊహించుకోండి. ఆ తొక్కను విసిరేస్తే గాని రెండో పిన్నుకు చోటుండదు. చాలా రైఫిళ్లలో ఆ పనికి బలాన్నిచ్చేది పేలుడు వాయువే. గొట్టానికున్న సన్నని రంధ్రం గుండా కొంత వాయువు మళ్లి బోల్ట్‌ను వెనక్కి తోస్తే, బోల్ట్ కొక్కెం తొడుగు అంచును పట్టి బయటికి లాగుతుంది. పేలుడు ఒత్తిడికి ఉబ్బి ఛాంబర్ గోడలకు అతుక్కున్న ఇత్తడి, మరుక్షణమే కాస్త ముడుచుకుని పట్టు వదులుతుంది. ఛాంబర్‌లో మసో తుప్పో ఉంటే ఆ పట్టు వదలదు, కొక్కెం జారిపోతుంది. వాయువు రంధ్రం పూడుకుపోతే బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లదు. బయటపడబోయిన తొడుగు దాని ముందు పొగగొట్టంలా నిలువుగా చిక్కుకుంటుంది.

నా పదేళ్ల వయసులో మా నాన్నగారి స్నేహితుడి రైఫిల్‌లో సరిగ్గా అలాగే నిలబడిన తొడుగును చూశాను. లాగెయ్యమని నేను తొందరపెట్టినా ఆయన తొందరపడలేదు. గొట్టాన్ని ఎవరూ లేని వైపు నేలకు గురిపెట్టి, మ్యాగజైన్ ఊడదీసి, బోల్ట్ తెరిచి తొడుగును తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కళ్లతోను, వేలితోను రెండుసార్లు చూసుకున్నారు. తరువాత ఛాంబర్‌ను బ్రష్‌తో తోమి తుడిస్తే తెల్లని గుడ్డ కాటుకలా నల్లబడింది. నూనె పలచగా రాయాలని, ఎక్కువైతే అది దుమ్మును పట్టి, చలికి చిక్కబడి బోల్ట్‌నే నెమ్మదింపజేస్తుందని ఆయన చెప్పారు. ట్రిగ్గర్ నొక్కినా పేలని తూటా ఆలస్యంగా పేలవచ్చు గనుక, గొట్టాన్ని కదపకుండా కనీసం 30 సెకన్లు ఆగాలని కూడా చెప్పారు. ఇవన్నీ పెద్దల చేతి పనులు. మీకు ఎక్కడైనా తుపాకీ కనబడితే ముట్టుకోకుండా వెంటనే పెద్దలను పిలవండి.

ఆ వాయువు సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1889లో అమెరికాలో తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్, తుపాకీ పేలినప్పుడు గొట్టం ముందున్న గడ్డి వాయువు తాకిడికి పక్కకు వంగడం గమనించి, వృథాగా పోయే ఆ బలంతో తుపాకీనే నడిపించవచ్చని తలపోశారు. అంతకుముందు గడ్డి వంగడం ఎందరు చూసి ఉంటారో!

ఈ సాయంత్రం ఒక పిన్నును కొంచెం వంచి వరుస మొదట్లో పెట్టి, స్టేప్లర్‌ను మెల్లగా నొక్కుతూ పక్క నుంచి చూడండి. ముందుగా తడబడేది పిన్నో, దాన్ని నెట్టే స్ప్రింగో నాకు రాయండి.

మీ తాతయ్య