డి డ్రైవ్‌కు తాళం ఎందుకు పడింది?

“సి, డి డ్రైవ్‌లలో ఆఫీసు ఫైళ్లు పెట్టుకోరాదు. అన్నీ సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లోనే ఉండాలి.” హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేవాళ్లలో ఈ తరహా మెయిల్ అందుకోనివాళ్లు తక్కువే. అందుకున్నాక కూడా డెస్క్‌టాప్ మీద ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘లేటెస్ట్ ఫైనల్’ పుడుతూనే ఉంటాయి. సిస్టమ్ అడ్మిన్‌ల లెక్కలో ఇది జనం మాట వినకపోవడం. పాత సంగతులు తిరగేస్తే వేరే లెక్క తేలుతుంది: డి డ్రైవ్‌లో పెట్టుకోమని ఉద్యోగికి నేర్పింది సిస్టమ్స్‌వాళ్లే.

మొదట్లో ఈ గొడవే లేదు. దాచుకోవడానికి సొంత డిస్క్ ఉంటే కదా! 1967లో మొదలైన ప్రభుత్వరంగ సంస్థ ఈసీఐఎల్ ఇక్కడ టీడీసీ కంప్యూటర్లు తయారుచేసిన రోజుల్లో యంత్రం ఏసీ గదిలో ఉండేది, డేటా కూడా అక్కడే. ఉద్యోగి బల్ల మీద ఏదైనా ఉందంటే టెర్మినలే, అంటే తెర, కీబోర్డు మాత్రమే. 1981లో ఐబీఎం పీసీ వచ్చింది. 1983 నాటి ఎక్స్‌టీ మోడల్‌తో 10 ఎంబీ హార్డ్ డిస్క్ కూడా బల్ల మీదికి చేరింది.

ఇక డి డ్రైవ్ పుట్టుక. మొదటి విండోస్ 95 వాడిన ఫ్యాట్-16 అనే ఫైళ్లు అమర్చే పద్ధతిలో ఒక పార్టిషన్ (డిస్క్‌లో ఒక ముక్క) 2 జీబీ దాటకూడదు. 4 జీబీ డిస్క్ కొంటే ముక్కలు చేయక తప్పదు. 1996లో ఫ్యాట్-32 వచ్చి ఆ అవసరం తీరినా అలవాటు పోలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో మనం సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించిన సిస్టమ్ సి, డి, ఈ అనే ముక్కలతోనే ఆఫీసుకొచ్చేది. విండోస్ మొరాయిస్తే సర్వీస్ కుర్రాడు వచ్చి సి ఫార్మాట్ కొట్టి, అంటే అందులోదంతా చెరిపేసి, మళ్లీ ఎక్కించేవాడు. ముందుగా అడిగేది ఒకటే: “సార్, ఇంపార్టెంట్‌వన్నీ డి లోకి మార్చుకున్నారా?” ఏళ్ల తరబడి ఇదే మాట విన్నవాళ్లకు డి అంటే బీరువాలో లాకర్. డిస్కే పోతే సి, డి రెండూ కలిసే పోతాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి డేటా రికవరీ కోసం మళ్లీ సీటీసీ మెట్లెక్కిన రోజున తెలిసేది.

సర్వర్లు లేవా అంటే, సర్వర్‌ను నడిపే నోవెల్ నెట్‌వేర్ సాఫ్ట్‌వేర్ 1983 నుంచీ ఉంది. కానీ 10 ఎంబీపీఎస్ కోయాక్సియల్ కేబుల్ మీద నడిచే నెట్‌వర్క్‌లో ఒక్క కనెక్టర్ ఊడితే ఆ వరస మొత్తం పడిపోయేది. కరెంటు పోయినప్పుడు పీసీకి యూపీఎస్ ఉండేది, తర్వాత వచ్చిన హబ్‌కు (కేబుళ్లను కలిపే పెట్టెకు) ఉండేది కాదు. అలాంటి చోట బిల్లు సర్వర్‌లో సేవ్ చేయమంటే ఎవరు చేస్తారు?

సాఫ్ట్‌వేర్లు కూడా లోకల్ డిస్క్ వైపే మొగ్గాయి. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే అందులోని బొమ్మల లింకులు డి డ్రైవ్ దారినే వెతికేవి. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు మ్యాటర్‌ను ఆ ఫాంట్లు లేని మెషీన్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళమే కనిపించేది. అందుకే ఫైలు పుట్టిన మెషీన్‌లోనే ఉండిపోయేది. ఆడిటర్ల ఆఫీసుల్లో ట్యాలీ డేటా అంకెలే పేర్లుగా ఉన్న ఫోల్డర్లలో పడుండేది. ఏ కంపెనీది ఏ ఫోల్డరో అకౌంటెంట్‌కే ఎరుక. అవుట్‌లుక్ మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైలునైతే నెట్‌వర్క్ మీద పెట్టి వాడితే మద్దతివ్వబోమని మైక్రోసాఫ్టే చెప్పింది. అంటే పదేళ్ల మెయిళ్లు లోకల్ డిస్క్‌లో ఉండడం తయారీదారు సలహా ప్రకారమే జరిగింది.

తాళాలు 2000లో వచ్చిన విండోస్ 2000తో గట్టిపడ్డాయి. అడ్మిన్ ఒక్కచోటి నుంచే అన్ని పీసీలకూ నిబంధనలు పెట్టే గ్రూప్ పాలసీ ద్వారా మై కంప్యూటర్‌లో డ్రైవ్‌లు కనపడకుండా చేయవచ్చు. దీని వెనుక విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో ‘నోడ్రైవ్స్’ అనే విలువ ఉంటుంది: ఎ కి 1, బి కి 2, సి కి 4, డి కి 8. సి, డి రెండూ మాయం కావాలంటే 12. కానీ మాయం చేయడం వేరు, ఆపడం వేరు. రన్ బాక్స్‌లోనో, కమాండ్ విండోలోనో దారి టైప్ చేస్తే డ్రైవ్‌లోకి వెళ్లవచ్చని ఆ పాలసీ వివరణలోనే రాసి ఉంది. తెరవకుండా ఆపే రెండో పాలసీ ఉన్నా, అది ప్రోగ్రాములన్నిటినీ అడ్డుకోదు. నా దృష్టిలో ఈ రెండూ కళ్లకు గంతలే. అసలు తాళం ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుమతుల్లో, అంటే ఏ ఫోల్డర్‌లో ఎవరు రాయవచ్చో డిస్క్ మీదే తేల్చే ఏర్పాటులో ఉంది. డి డ్రైవ్ మీద రాసే హక్కు తీసేస్తే ఆ కథ అయిపోయినట్టే. సి లో మాత్రం అది కుదరదు. యూజర్ ప్రొఫైల్‌లో, టెంప్ ఫోల్డర్‌లో రాయనివ్వకపోతే విండోస్, ఆఫీస్ సరిగా నడవవు.

అందుకే అదే విండోస్ 2000లో వచ్చిన ఫోల్డర్ రీడైరెక్షన్ తెలివైన పని అంటాను. ఉద్యోగి ఎప్పటిలాగే మై డాక్యుమెంట్స్‌లో సేవ్ చేస్తాడు, ఫైలు సర్వర్‌లో పడుతుంది. జిల్లా బ్రాంచీలకు లైన్ నెమ్మదిగా ఉంటే ఆఫ్‌లైన్ ఫైల్స్ వాడేవారు. చిత్రమేమిటంటే, ఆ ఏర్పాటు లోకల్ డిస్క్‌లోనే ఇంకో కాపీ పెడుతుంది.

అప్పటికి మాదాపూర్ దారి వేరు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక వచ్చిన కాల్ సెంటర్లు, బ్యాక్ ఆఫీసులు విదేశీ క్లయింట్ల షరతులతో మొదలయ్యాయి. కార్డు నంబర్లు చూసే గదుల్లో పెన్ డ్రైవ్ పెట్టే పోర్టు మూసేసి ఉంటుంది, ఫోన్ లాకర్‌లో ఉంటుంది. అక్కడి భయం ఫైలు పోతుందని కాదు, బయటికి పోతుందని.

మిగిలినవాళ్లకు భయం 2017 మేలో వచ్చింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వనాక్రై దెబ్బకు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని స్తంభించాయి. అప్పటి నుంచి “సర్వర్‌లో పెడితే సేఫ్” అన్న మాట ఊపందుకుంది. అది సగమే నిజం. రాన్సమ్‌వేర్ లోకల్ డిస్క్‌తో ఆగదు, మెషీన్‌కు తగిలించిన నెట్‌వర్క్ డ్రైవ్‌లనూ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. కాపాడేది విడిగా తీసిన బ్యాకప్, పాత వెర్షన్లే. వాటిని సర్వర్‌లో తీయడం సులువు, రెండొందల పీసీల్లో కష్టం.

2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే డెస్క్‌టాప్‌లే కార్లెక్కి ఇళ్లకు చేరాయి. వాటితోపాటు డి డ్రైవ్‌లూ. వర్చువల్ డెస్క్‌టాప్‌ల వైపు కంపెనీలు పరుగెత్తడానికి అది పెద్ద కారణం. ఉద్యోగికి తెర మాత్రమే, డిస్క్ డేటా సెంటర్‌లో. కొన్ని ఏర్పాట్లలో లాగాఫ్ కాగానే సెషన్‌లోని లోకల్ ఫైళ్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఈసీఐఎల్ కాలపు టెర్మినల్‌కు ఇది దూరపు చుట్టం కాదు, మనవడే.

చట్టం ఆ తర్వాత వచ్చింది. సైబర్ ఘటనను 6 గంటల్లో తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, భద్రతా జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా అంటోంది. ఎక్కడెక్కడ ఎవరి డేటా ఉందో తెలియని సంస్థ ఈ రెండిటికీ జవాబు చెప్పలేదు.

2018 నుంచి మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ నిల్వ వన్‌డ్రైవ్ కూడా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను ఆ ఏర్పాటు ఆన్ చేస్తే క్లౌడ్‌కు మళ్లిస్తోంది. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ లేదు. వాట్సాప్ వెబ్ నుంచి దించిన ఆధార్ కాపీలు, క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు చేరేది సరిగ్గా ఆ ఫోల్డర్‌లోకే.